తలలోని అమానతు

(ఇబ్రహీంపట్నంలో జుమా రోజున అరబీ ఖుత్బాకు ముందు చేసిన ప్రసంగ పాఠం)

సమస్త స్తోత్రాలు సర్వలోకాల పోషకుడైన అల్లాహ్‌కే శోభిస్తాయి. మట్టి నుండి మనిషిని సృజించినవాడు, అతనికి రూపమిచ్చి, చూపునిచ్చి, వినికిడినిచ్చి, మంచిచెడుల విచక్షణనిచ్చినవాడు ఆయనే. కారుణ్యమూర్తి, అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స) పైన, ఆయన కుటుంబీకుల పైన, సహచరులందరి పైన అల్లాహ్ శాంతి శుభాలు వర్షించుగాక! అమ్మా బఅద్.



నమ్మేవారికి భూమిలో ఎన్నో సూచనలున్నాయని సూరా అజ్జారియాత్‌లో అల్లాహ్ తెలియజేశాడు. ఆ వెంటనే, మీ లోపల కూడా ఆ సూచనలున్నాయి, వాటిని మీరు గమనించరా అని మనల్ని నిలదీశాడు. ఆకాశాన్ని చూసి సుబ్‌హానల్లాహ్ అనే మనం, కృష్ణమ్మ వరదను చూసి అల్లాహు అక్బర్ అనే మనం, మన భుజాలమీద మోస్తున్న తలలో ఏముందో ఎన్నడైనా ఆలోచించామా? నేటి ప్రసంగాంశం అదే. మనిషి మెదడు, దాని నిర్మాణం, అది చేసే పనులు, దాని విషయంలో మన బాధ్యత.

మస్జిదులో ఈ పాఠమెందుకని కొందరికి అనిపించవచ్చు. ఈ అంశాన్ని ఎన్నుకోవడానికి కారణముంది. అది చెప్పడం మాకు కష్టమే. అయినా చెప్పక తప్పదు.

ఫజ్ర్ తరువాతి ఆ ఉదయం

మన మస్జిదులో ఏళ్ల తరబడి అజాన్ పలికిన ముఅజ్జిన్ సాహెబ్ మీ అందరికీ తెలిసినవారే. కొన్ని వారాల క్రితం ఒక ఉదయం ఫజ్ర్ నమాజు ముగిశాక ఆయన జానమాజు మడుస్తుండగా అది చేతిలోంచి జారిపోయింది. వంగి తీయబోతే కుడిచేయి లేవలేదు. మూతి ఒక ప్రక్కకు వంకరపోయింది. ఏమైందని అడిగితే నోరు కదిలింది గాని మాట రాలేదు. అప్పుడు సమయం పావుతక్కువ ఆరు.

ఇంటివారు మమ్మల్ని పిలిచారు. మేము వెళ్లాము. దుఆలు చదివి దమ్ చేశాము. జమ్‌జమ్ నీరు చెంచాతో నోట్లో పోశాము. ఆయన పొలమారి ఉక్కిరిబిక్కిరయ్యారు. ఏదో గాలి సోకిందని ఎవరో అన్నారు. మరెవరో, పొరుగు మండలంలో ఒక ఆమిల్ ఉన్నాడని, అతడు తావీజు కడితే చేయి లేస్తుందని చెప్పారు. మేము వద్దనలేదు. ఆటోలో అక్కడకు తీసుకొనిపోయారు. అక్కడనుండి తిరిగి విజయవాడ ఆసుపత్రికి చేరేసరికి మధ్యాహ్నం పన్నెండున్నర. ఇది ఎన్ని గంటలకు మొదలైందని వైద్యుడు అడిగారు. పావుతక్కువ ఆరుకని కుమారుడు చెప్పాడు. ఆ వైద్యుడు గోడమీది గడియారం వైపు ఒకసారి చూసి తల దించుకొన్నారట. ఆ మౌనానికి అర్థం మాకు ఆ తరువాత తెలిసింది.

సోదరులారా! ఆలస్యంలో ఇంటివారి తప్పుకంటే మా తప్పు ఎక్కువ. మా మాట వినే ఇల్లు అది. దమ్ చేస్తూనే ఆసుపత్రికి పదండని ఒక్క మాట అని ఉంటే వారు కాదనేవారు కారు. మేము అనలేదు. మాకు తెలియదు. పదేళ్లు మద్రసాలో చదివి, మరో ముప్పై ఏళ్లు చెప్పినవారికి తెలియకపోతే సామాన్యులకెలా తెలుస్తుంది? అందుకే ఆనాటి నుండి మేము వైద్యులను అడిగి, పుస్తకాలు చదివి తెలుసుకొన్నది ఈరోజు మీ ముందుంచుతున్నాము. ఇది మా పశ్చాత్తాపంలో ఒక భాగం.

తల్లి పేరు పెట్టుకొన్న పొర

వయోజనుడి మెదడు బరువు సుమారు 1300 నుండి 1400 గ్రాములు. చేతితో నొక్కితే గట్టి పెరుగులా లోపలికి పోయే మెత్తని పదార్థం. ఇంత సుకుమారమైన దానిని అల్లాహ్ ఎక్కడుంచాడో చూడండి. బయట చర్మం, దానిమీద జుట్టు, దాని క్రింద కపాలమనే ఎముకల పెట్టె. ఆ పెట్టె లోపల మూడు పొరలు. మన పిల్లల పాఠ్యపుస్తకాలలో వాటిని వరాశిక, లౌతికళ, మృద్వి అంటారు. వెలుపలిది గట్టిది, నడుమది సాలెగూడు వంటిది, లోపలిది మెదడును అంటిపెట్టుకొని ఉండే పలుచనిది.

ఈ పొరల పేర్లలో ఒక చరిత్ర ఉంది. అరబీ వైద్యులు ఈ పొరను ఉమ్ముద్దిమాగ్ అన్నారు. అంటే మెదడుకు తల్లి. బిడ్డను తల్లి ఒడిలో పొదువుకొన్నట్లు అది మెదడును పొదువుకొంటుందని ఆ పేరు. పదవ శతాబ్దికి చెందిన అలీ ఇబ్ను అబ్బాస్ అల్‌మజూసీ రచించిన వైద్యగ్రంథం లాటిన్ భాషలోకి వెళ్లినప్పుడు ఆ తల్లి కూడా వెంట వెళ్లింది. నేటికీ ప్రపంచమంతటా వైద్యవిద్యార్థులు ఈ పొరలను డ్యూరా మేటర్, పయా మేటర్ అంటారు. మేటర్ అనగా లాటిన్‌లో తల్లి.

ఫిఖ్హ్ గ్రంథాలు చదివిన తాలిబ్ ఇల్మ్‌లకు ఈ మాట క్రొత్త కాదు. తలగాయాల అధ్యాయంలో ఫుఖహాలు ఒక్కొక్క లోతుకు ఒక్కొక్క పేరు పెట్టారు. ఎముక బయటపడితే మూదిహా, దానికి పరిహారం 5 ఒంటెలు. ఎముక విరిగితే హాషిమా, 10 ఒంటెలు. విరిగిన ఎముక స్థానం తప్పితే మునఖ్ఖిలా, 15 ఒంటెలు. గాయం ఆ తల్లి పొరను చేరితే మఅ్‌మూమా, పూర్తి ప్రాణపరిహారంలో మూడవ వంతు. పొర కూడా చీలి మెదడును తాకితే దామిగా. విద్యార్థి దశలో మేము ఈ పేర్లు పరీక్ష కోసం బట్టీపట్టాము. అల్లాహ్ షరీఅత్ తలకు ఎంత విలువ కట్టిందో ఇప్పుడు అర్థమవుతున్నది.

హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో ఒకడు మరొకరి తలపై రాయి విసిరాడు. దెబ్బతిన్న వ్యక్తి బ్రతికాడు గాని వినికిడి, మాట, బుద్ధి, దాంపత్య సామర్థ్యం నాలుగూ కోల్పోయాడు. హజ్రత్ ఉమర్ (రజి) నాలుగు నిండు ప్రాణాల పరిహారం చెల్లించాలని తీర్పు చెప్పినట్లు ఉల్లేఖనముంది. మనిషి బ్రతికే ఉన్నాడు, పరిహారం మాత్రం నలుగురిది. తలకు తగిలిన ఒక్క దెబ్బ నాలుగు జీవితాలంత నష్టం చేయగలదని ఆ తీర్పు మనకు చెబుతున్నది.

పొరల నడుమ స్వచ్ఛమైన నీటివంటి ద్రవం ప్రవహిస్తుంది. ఏ సమయంలోనైనా అది సుమారు 150 మిల్లీలీటర్లు ఉంటుంది. రోజుకు అర లీటరు వరకు క్రొత్తగా ఊరుతూ, పాతది రక్తంలో కలిసిపోతూ ఉంటుంది. మన ఫెర్రీ రేవులో బిందె ముంచేవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. నిండు బిందె నీటిలో ఉన్నంతసేపూ బరువు తెలియదు, పైకెత్తితే నడుము వంగుతుంది. మెదడు కూడా అలాగే తేలుతుంది. పదమూడు వందల గ్రాముల మెదడు ఆ ద్రవంలో సుమారు 50 గ్రాముల బరువు మాత్రమే మోపుతుంది. ఆ ద్రవమే లేకపోతే మెదడు తన బరువుకు తానే నలిగిపోయేది. సుబ్‌హానల్లాహ్!

మూడు భాగాలు, ఒక నమాజు

మెదడు పనిని మీరు నమాజులోనే చూడవచ్చు. మెడ ఎముకలలో నుండి పైకి వచ్చే వెన్నుపాము తలలో ప్రవేశించే చోట మజ్జాముఖం ఉంది. శ్వాస, గుండె వేగం, రక్తపు ఒత్తిడి, మ్రింగడం, దగ్గు, ఇవన్నీ దాని ఆధీనంలోనివి. రాత్రి మీరు ఒళ్లు తెలియక నిద్రపోతున్నప్పుడు మీ శ్వాసను ఎవరు గుర్తుంచుకొన్నారు? మీరు కాదు. నిద్రలో ఆత్మలను తనవద్దకు తీసుకొని, గడువు మిగిలినవారి ఆత్మలను తిరిగి పంపుతానని సూరా అజ్జుమర్‌లో తెలిపిన ప్రభువు, ఆ వేళ మీ ఛాతీ కదలడానికి ఒక కాపలాదారును నియమించాడు.

దాని వెనుక, మెడపైన, చిన్నమెదడు. దీనినే అనుమస్తిష్కం అంటారు. శరీరం తూగు తప్పకుండా చూడడం, కదలికలను ఒకదానితో ఒకటి కూర్చడం దాని పని. మీరు రుకూనుండి నిలబడి, సజ్దాకు వంగి, మళ్లీ లేచి నిలబడతారు. ముందు ఏ కండరం బిగియాలో, తరువాత ఏది సడలాలో మీరు లెక్కించరు. మత్తులో ఉన్నవాడు తూలడానికి కారణం, మద్యం ఈ చిన్నమెదడును దెబ్బతీయడమే.

పైన రెండు అరలుగా, ముడతలు ముడతలుగా ఉన్నది పెద్దమెదడు, అనగా మస్తిష్కం. తల వెనుక భాగం చూపును గ్రహిస్తుంది. కణతల లోపలి భాగం వినికిడిని గ్రహిస్తుంది. నడినెత్తిన ఒక పట్టీ కదలికలను ఆదేశిస్తుంది, దాని వెనుక పట్టీ స్పర్శను తెలుసుకొంటుంది. కణతల లోతులో సముద్రపు గుర్రం ఆకారంలో ఉన్న హిప్పోకాంపస్ క్రొత్త జ్ఞాపకాలను నిలుపుతుంది. ఇంట్లో హిఫ్జ్ చేసే బిడ్డలున్నవారు దీనిని గమనించాలి. పగలు చదివిన పాఠం రాత్రి నిద్రలో గట్టిపడుతుంది. ఇషాకు ముందు నిద్రను, ఇషా తరువాత కబుర్లను దైవప్రవక్త (స) ఇష్టపడేవారు కారు. అర్ధరాత్రి దాకా ఫోనుతో గడిపిన బాలుడు ఉదయం సబఖ్ మరచిపోతే అతన్ని బెత్తంతో సరిదిద్దలేము, త్వరగా పడుకోబెట్టాలి.

పెద్దమెదడులో మరొక వింత ఉంది. ఎడమ అర శరీరపు కుడిభాగాన్ని, కుడి అర ఎడమభాగాన్ని నడుపుతాయి. నాడులు మజ్జాముఖం వద్ద ఒకదానినొకటి దాటిపోతాయి. మాట్లాడే శక్తి అధికసంఖ్యాకులలో ఎడమ అరలో ఉంటుంది. 1861లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు పాల్ బ్రోకా, ఒకే ఒక అక్షరధ్వని తప్ప మరేమీ పలకలేని ఒక రోగి మరణించాక అతని మెదడును పరిశీలించాడు. ఎడమవైపు, నుదుటి భాగంలో వెనుక దిక్కున, ఒకచోట చెడిపోయి ఉన్నట్లు చూపాడు. మన ముఅజ్జిన్ సాహెబ్‌కు కుడిచేయి, మాట రెండూ ఒకేసారి ఎందుకు పోయాయో ఇప్పుడు మీకు తెలిసింది కదా. ఎడమవైపు ఒక రక్తనాళం పూడుకొన్నది. గాలి కాదు, ఎవరి దిష్టీ కాదు. రక్తపు గడ్డ.

నిల్వలేని నూనె

మెదడు బరువు శరీరంలో నూటికి 2 వంతులు మాత్రమే. కాని శరీరం విశ్రాంతిగా ఉన్నప్పుడు ఖర్చుచేసే శక్తిలో సుమారు 20 వంతులు అదే తీసుకొంటుంది. విద్యుత్తు లెక్కలో చెప్పాలంటే సుమారు 20 వాట్లు. ఒక చిన్న బల్బు. ఆ చిన్న బల్బు వెలుగులోనే ఇమాం అబూ హనీఫా (రహ్మ) మసాయిల్ విప్పారు, ఇబ్ను సీనా వైద్యం రచించారు, మీ తల్లి మిమ్మల్ని గుర్తుపడుతున్నది.

మన ఊరి డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రంలో పనిచేసేవారు ఇక్కడ కూర్చొని ఉన్నారు. 1979 నుండి ఆ పొగగొట్టాల నీడలో మనం జీవిస్తున్నాము. అక్కడ పుట్టిన కరెంటు ఆ క్షణంలోనే ఇళ్లకు పోతుంది. సరఫరా ఆగిన క్షణంలోనే దీపం ఆరిపోతుంది. మెదడు స్థితి అదే. కాలేయం చక్కెరను దాచుకొంటుంది, శరీరం కొవ్వును దాచుకొంటుంది. మెదడుకు చెప్పుకోదగిన నిల్వ లేదు. రక్తం తెచ్చే ప్రాణవాయువు, గ్లూకోజు మీద క్షణక్షణం ఆధారపడుతుంది.

ఆ శక్తి కణంలో ఏ రూపంలో చెలామణి అవుతుందో కనుగొన్నవారిలో మన తెలుగువాడు ఒకరున్నారు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి పనిచేస్తూ 1929లో ఏటీపీ అనే పదార్థాన్ని వెలికితీశారు. ఏ జీవకణమైనా పనిచేయడానికి వెచ్చించే నాణెం అదే. జ్ఞానం ఎవరిచేతి మీదుగా వచ్చినా అది అల్లాహ్ ప్రసాదమే. దానికి కృతజ్ఞత తెలపడం ముస్లిముకు తగిన గుణం.

మెదడులో సుమారు 8600 కోట్ల నాడీకణాలున్నాయని శాస్త్రవేత్తల అంచనా. పెద్ద రక్తనాళం ఒకటి పూడుకొంటే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని లెక్కకట్టారు. పావుతక్కువ ఆరునుండి పన్నెండున్నర వరకు ఎన్ని నిమిషాలో మీరే లెక్కవేయండి. మేము ఎన్నో రాత్రులు ఆ లెక్క వేశాము.

దమ్, దవా

పక్షవాతం రెండు విధాలు. ఒకటి రక్తనాళం పూడుకోవడం, రెండవది రక్తనాళం చిట్లడం. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. స్కానింగు తీస్తే గాని ఏదో తెలియదు. పూడుకొన్నదైతే, గడ్డను కరిగించే మందు ఉంది. దానిని లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోగా ఇవ్వాలి. ఎంత ముందుగా ఇస్తే అంత మేలు. అందుకే ఆ వైద్యుడు గడియారం వైపు చూశారు.

దయచేసి ఈ గుర్తులను మనసులో నిలుపుకోండి. మూతి ఒకవైపుకు జారడం. రెండు చేతులూ పైకెత్తమంటే ఒకటి క్రిందికి వాలిపోవడం. మాట ముద్దగా రావడం, లేదా రాకపోవడం. ఈ మూడింటిలో ఒక్కటి హఠాత్తుగా కనిపించినా గడియారం చూసి సమయం వ్రాసుకోండి, 108కి ఫోను చేయండి, స్కానింగు ఉన్న ఆసుపత్రికి బయలుదేరండి. నోట్లో ఏమీ పోయవద్దు. మ్రింగే శక్తి దెబ్బతిన్నప్పుడు నీరు ఊపిరితిత్తులలోకి పోతుంది. జమ్‌జమ్ శుభప్రదమైనదే. కాని ఆ సమయంలో మేము పోసినది ప్రమాదకరమైన పని. అల్లాహ్ మమ్మల్ని క్షమించుగాక!

దుఆ చేయవద్దని మేము అనడం లేదు. దారిపొడవునా చేయండి. బండిలో కూర్చొని ఫాతిహా చదివి దమ్ చేయండి. దుఆకు ఆసుపత్రి అడ్డురాదు. అరబ్బు పల్లెవాసులు వచ్చి వైద్యం చేయించుకోవచ్చా అని అడిగినప్పుడు, చేయించుకోండి అని దైవప్రవక్త (స) ఆదేశించారు. వృద్ధాప్యం తప్ప మందులేని రోగాన్ని అల్లాహ్ కల్పించలేదని తెలిపారు. అంతా తఖ్‌దీర్ అనేవారికి హజ్రత్ ఉమర్ (రజి) సిరియా ప్రయాణం గుర్తుచేస్తాము. ప్రయాణంలో ముందున్న ప్రాంతంలో ప్లేగు వ్యాపించిందని తెలిసి ఆయన వెనుదిరిగారు. అల్లాహ్ విధి నుండి పారిపోతున్నారా అని అడిగితే, అల్లాహ్ విధి నుండి అల్లాహ్ విధివైపే పోతున్నామని సమాధానమిచ్చారు. రోగం ఒక విధి అయితే, మందు కూడా ఆయన విధించినదే.

మూర్ఛ విషయంలోనూ ఇదే పొరపాటు చేస్తున్నాము. మెదడులోని నాడీకణాలు అదుపుతప్పి ఒక్కసారిగా విద్యుత్ సంకేతాలు వెదజల్లితే మూర్ఛ వస్తుంది. దానికి మందులున్నాయి. క్రమం తప్పక వాడితే పదిమందిలో ఏడుగురు దాకా మూర్ఛలు లేకుండా జీవించగలరు. మనమేమో జిన్ను పట్టిందని పిల్లను కొట్టిస్తాము, పొగవేయిస్తాము, సంబంధాలు రావని దాచిపెడతాము. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్న ఒక స్త్రీ వృత్తాంతం వినండి. ఆమె దైవప్రవక్త (స) వద్దకు వచ్చి తనకు మూర్ఛ వస్తున్నదని, ఆ స్థితిలో ఒంటిమీది వస్త్రం తొలగిపోతున్నదని మొరపెట్టుకొన్నది. ఓర్చుకొంటే స్వర్గం, కోరుకొంటే స్వస్థత కోసం దుఆ అని ఆయన రెండు మార్గాలు చూపారు. ఆమె ఓర్పునే ఎంచుకొని, వస్త్రం మాత్రం తొలగకుండా దుఆ చేయమని వేడుకొన్నది. ఆయన చేశారు. ఆమెను ఎవరూ కొట్టలేదు. ఎవరూ వెలివేయలేదు. తరువాతి కాలంలో ఇబ్ను అబ్బాస్ (రజి) ఆమెను చూపి, స్వర్గవాసిని చూస్తావా అని తన శిష్యుడిని అడిగారు. మన మహల్లాలో మూర్ఛవచ్చే ఆడబిడ్డను మనం ఎవరిగా చూపిస్తున్నాము?

బుద్ధి నివాసం

బుద్ధి ఎక్కడుంటుంది? ఇది మన ఉలమాల మధ్య పాత చర్చ. ఇమాం షాఫిఈ (రహ్మ) మార్గానుయాయులు హృదయంలో అన్నారు. ఇమాం అబూ హనీఫా (రహ్మ) మెదడులో అన్నారని ఇమాం నవవీ (రహ్మ) నమోదుచేశారు. తలకు దెబ్బతగిలితే బుద్ధి చెడుతున్నది కదా అనేది వారి ఆధారాలలో ఒకటి. ఖుర్ఆన్‌లో ఖల్బ్ అనే మాటకున్న అర్థం విస్తారమైనది. ఈమాన్, భయభక్తి, సంకల్పం అన్నీ అందులో ఇమిడి ఉన్నాయి. దానిని ఒక మాంసఖండానికి కుదించడమూ తగదు, శరీరశాస్త్రంతో తగవు పెట్టుకోవడమూ తగదు.

కొందరు ప్రసంగకులు సూరా అలఖ్‌లోని నుదుటి ప్రస్తావనను చూపి, ఇది మెదడు ముందుభాగం గురించిన శాస్త్రమని గట్టిగా చెబుతారు. మేము అంత తొందరపడము. ఖుర్ఆన్ సన్మార్గ గ్రంథం. నేటి శాస్త్రం రేపు మారితే ఆయత్ మీద సందేహం కలిగేలా మాట్లాడకూడదు. అయితే నుదుటి వెనుక భాగం నిగ్రహానికి, ముందుచూపుకు సంబంధించినదని మాత్రం వైద్యం స్పష్టంగా చెబుతున్నది. 1848లో అమెరికాలో రైలుమార్గం పనివాడు ఫినియస్ గేజ్ తలలోంచి ఒక ఇనుపకడ్డీ దూసుకుపోయింది. అతడు బ్రతికాడు, నడిచాడు, మాట్లాడాడు. కాని అతని స్వభావం మారిపోయిందని, ఇతడు మునుపటి మనిషి కాడని తెలిసినవారు అన్నారు.

ఈ ముందుభాగం అందరికంటే ఆలస్యంగా, సుమారు ఇరవై ఐదేళ్ల వరకు పరిపక్వమవుతుంది. యువకులారా! గంజాయి, మద్యం మీ చేతికి వచ్చే వయసు అదే. షరీఅత్ రక్షించదలచిన ఐదింటిలో ధర్మం, ప్రాణం, సంతానం, సంపదలతోపాటు బుద్ధి ఒకటని ఇమాం గజాలీ (రహ్మ) వివరించారు. మత్తును అల్లాహ్ హరాం చేసినది మీ సరదాను చెడగొట్టడానికి కాదు. ఇంకా కడుతున్న ఇంటి గోడను కూల్చవద్దనడానికి.

బుద్ధి చెదిరినవారి పట్ల మాత్రం మన నోరు అదుపులో ఉండాలి. నిద్రించేవాడు మేల్కొనే వరకు, బాలుడు యుక్తవయస్కుడయ్యే వరకు, మతి తప్పినవాడు కోలుకొనే వరకు వారి కర్మలు వ్రాసే కలం ఎత్తివేయబడిందని దైవప్రవక్త (స) తెలిపారు. అల్లాహ్ కలమే ఎత్తివేసిన చోట మన నాలుక ఎందుకు వ్రాస్తున్నది?

మన చేతిలో ఉన్నది

చివరగా కొన్ని మాటలు, ఇవి ఈరోజే చేయదగినవి.

మొదటిది. మన ఊరి నడుమ హైదరాబాదు రహదారి పోతున్నది. జుమాకు వచ్చే యువకులు తలమీద టోపీ పెట్టుకొని, హెల్మెట్ ఇంట్లో వదలి బండి నడుపుతున్నారు. టోపీ జేబులో పెట్టుకోండి, మస్జిదు మెట్ల దగ్గర ధరించండి. హెల్మెట్ తలగాయం ముప్పును సుమారు 69 శాతం, మరణం ముప్పును సుమారు 42 శాతం తగ్గిస్తుందని పరిశోధనల సమీక్ష తేల్చింది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం వెనుక కూర్చొన్నవారికి కూడా దీనిని తప్పనిసరి చేసింది. ఉమ్ముద్దిమాగ్ లోపలినుండి కాపాడే తల్లి. బయటినుండి కాపాడవలసినది మీరు. వచ్చే జుమానుండి హెల్మెట్లు పెట్టుకోవడానికి వుజూఖానా ప్రక్కన ఒక అర ఏర్పాటు చేయమని కమిటీ పెద్దలను కోరుతున్నాము.

రెండవది. నలభై దాటిన ప్రతివారూ రక్తపు ఒత్తిడి, చక్కెర చూపించుకోండి. ముఅజ్జిన్ సాహెబ్‌కు బీపీ ఉందని తెలుసు. తలనొప్పి తగ్గిందని మాత్రలు మానేశారు. బీపీ మాత్ర తలనొప్పికి కాదు, రక్తనాళానికి. రోజుకు 5 గ్రాములలోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. కృష్ణాతీరంలో ఊరగాయ లేని ముద్ద దిగదని మాకు తెలుసు. వేలితో నాకండి, గరిటెతో వడ్డించుకోవద్దు. పొగాకు పూర్తిగా మానండి.

మూడవది తల్లుల కోసం. గర్భంలో శిశువు మెదడు, వెన్నుపాములకు మూలమైన నాళం మొదటి 28 రోజులలోనే మూసుకొంటుంది. అప్పటికి చాలామందికి తాము గర్భవతులమనే తెలియదు. ఫోలిక్ ఆమ్లం తక్కువైతే ఆ నాళం సరిగా మూసుకోక బిడ్డ లోపంతో పుట్టవచ్చు. అందువలన గర్భం ఆశించే నాటినుండే రోజుకు 400 మైక్రోగ్రాముల మాత్ర వాడమని వైద్యలోకం చెబుతున్నది. ఈ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించినవారు ఇందాక చెప్పుకొన్న సుబ్బారావు గారే. నిఖా చదివించేటప్పుడు ఇకపై ఈ మాట కూడా వధూవరుల పెద్దలకు చెప్పాలని మేము నిశ్చయించుకొన్నాము.

ప్రియ సోదరులారా! ముఅజ్జిన్ సాహెబ్ ఇప్పుడు ఇంట్లో మంచంమీద ఉన్నారు. దాహమైతే నీళ్లు అనలేరు. మనుమరాలి పేరు పలకలేరు. మొన్న మేము పలకరించడానికి వెళ్లి కూర్చొని ఉండగా మగ్రిబ్ వేళ అయింది. మస్జిదులో ఆయన కుమారుడు అజాన్ పలికాడు. ఆయన పెదవులు కదిలాయి. ఒక్కొక్క మాటా, స్పష్టంగా, చివరివరకు ఆయన నోటినుండి వచ్చింది. ఏళ్ల తరబడి పలికి పలికి నాటుకొన్న మాటలు, మామూలు మాట పోయిన తరువాత కూడా కొందరిలో నిలుస్తాయని వైద్యులు చెప్పారు. మేము ఏడ్చాము. ఆయన ఎడమచేతితో మా చేయి పట్టుకొన్నారు. మమ్మల్ని క్షమించారో లేదో ఆయన చెప్పలేరు. మేము అడగనూ లేకపోయాము.

అందుచేత, మన నోరు మాట్లాడుతున్నప్పుడే దానిలో ఏమి నాటుకోవాలో చూసుకొందాము. వినికిడి, చూపు, హృదయం, వీటన్నిటి గురించి ప్రశ్నించబడతామని సూరా ఇస్రాలో అల్లాహ్ హెచ్చరించాడు. ఈ తల మనది కాదు, అమానతు. ఇచ్చినవాడు తిరిగి అడుగుతాడు.

ఓ అల్లాహ్! మా బుద్ధిని, మా వినికిడిని, మా చూపును జీవితాంతం మాకు నిలిపి ఉంచు. మా రోగులకు స్వస్థత ప్రసాదించు. వారి సేవ చేసే ఇంటి ఆడవారికి ఓర్పును, ప్రతిఫలాన్ని ప్రసాదించు. మాకు తెలియక మేము చేసిన ఆలస్యాలను మన్నించు. తెలిసిన తరువాత ఆలస్యం చేయకుండా కాపాడు. మా చివరి మాట నీ నామమయ్యేలా చేయి. ఆమీన్.

సున్నతులు మిగిలినవారు పూర్తిచేసుకోండి. ఖుత్బాకు సమయమైంది.